అవతలి కుర్చీ

మా ల్యాబ్ సారు పోయారని నాకు ఆఫీసులో, టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా తెలిసింది. కాలేజీలో నాతో చదివిన అమ్మాయి ఫోన్ చేసి, "సారు లేరంట మే. పొద్దున నమాజుకు లేచి, మంచం మీద కూర్చున్నట్లే పోయినారంట" అంది. డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. ఆ సాయంత్రం బుక్కరాయసముద్రంలో వాళ్లింటికి వెళ్తే వీధి నిండా చెప్పులే. నాలుగు బ్యాచ్‌ల పిల్లలు, వాళ్లలో కొందరికి తల నెరిసింది కూడా, గోడవారన నిలబడి ఉన్నారు. ఆ జనంలో అమ్మను, అంటే సారు భార్యను, పలకరించి వచ్చేశాను. మాట్లాడింది మాత్రం నలభై రోజుల తర్వాత. ఆ మాటలు విన్నాకే ఇది రాయాలనిపించింది.

ముందు ఆయన ఎవరో చెప్పాలి. అనంతపురంలో మేము చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన లెక్చరరు కాదు. కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే టెక్నీషియను. ఆయనకున్నది డిప్లొమా. అంతకుముందు చాలా ఏళ్లు బోరు మోటార్లకు వైండింగ్ చేశారు. కంప్యూటర్లు కొత్తగా వచ్చినప్పుడు వాటినీ మోటార్లలాగే విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నారు. టై కట్టుకుని పాఠం చెప్పేవాళ్లు కాలేజీలో చాలామంది ఉండేవారు, కాని మేము ఉత్తగా 'సారు' అంటే ఈయనే. సన్నటి మనిషి, పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నుల మధ్య ఒక స్క్రూడ్రైవరు. ఆ స్క్రూడ్రైవరుతో చెవి గోక్కునే అలవాటు ఒకటి ఉండేది. ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

ల్యాబులో పద్నాలుగు మిషన్లు. నెట్‌వర్కులో ప్రతి మిషనుకూ ఒక పేరు, ఒక నంబరు ఉండాలి కదా. వేరే కాలేజీల్లో వాటికి గ్రహాల పేర్లు, నక్షత్రాల పేర్లు పెట్టుకునేవారట. మా సారు మాత్రం మండలాల పేర్లు పెట్టారు. కూడేరు, గుత్తి, కంబదూరు. ఏ పిల్లది ఏ ఊరో కనుక్కుని మరీ పెట్టేవారు. నేను చేరిన వారానికి ఒక మిషన్ నెత్తిన సుద్దముక్కతో 'బెళుగుప్ప' అని రాసి, కింద నంబరు వేశారు. మా ఊరి పేరు బస్సు బోర్డు మీద తప్ప ఇంకెక్కడా చూడనిదాన్ని నేను. ఆ రోజు హాస్టలుకు వెళ్లి మా గదిలో అందరికీ చెప్పుకున్నాను.

ల్యాబులో ఆయన చెప్పే పాఠాల్లో మాకు కొరుకుడు పడనిది డిస్ట్రిబ్యూటెడ్ ఆబ్జెక్ట్స్. ప్రోగ్రాము ఒకటే, దాని ముక్కలు మాత్రం వేర్వేరు మిషన్లలో ఉంటాయి. ఒక ముక్క ఇంకో ముక్కను పక్కనే ఉన్నట్లు పిలిచి పని చేయించుకుంటుంది. అలా పిలవాలంటే అవతలిది ఎక్కడుందో తెలియాలి. అందుకని పని చేసిపెట్టే ముక్క మొదలవగానే ఒక చీటీ రాసి ఇస్తుంది, 'నేను ఫలానా మిషన్‌లో, ఫలానా నంబరు దగ్గర ఉన్నాను' అని. ఆ చీటీ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని చూసుకుని వెళ్తారు. పుస్తకంలో ఇది నలభై పేజీలుంది. సారు నాలుగు మాటల్లో చెప్పేవారు. చిక్కల్లా ఆ చీటీ మీద నంబరు దగ్గరే. ప్రతి మిషనుకూ అందరికీ తెలిసిన నంబరు కాక, తనను తాను పిలుచుకునే నంబరు ఇంకొకటి ఉంటుంది. నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి. ప్రపంచంలో ఏ మిషన్‌కైనా అదే నంబరు, 'నేనే' అని దాని అర్థం.

సారు నన్ను లేపి అడిగారు. "పాపా, ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?"

"చిన్నమ్మి అంటారు సార్."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "చిన్నమ్మికి అని రాసి జాబు డబ్బాలో ఏస్తే యాడికి పోతాది?"

"యాడికీ పోదు సార్."

"పోతాది. ఏ ఇంట్లో ఏస్తే ఆ ఇంట్లో చిన్నమ్మికే పోతాది. ప్రతి ఇంట్లోనూ ఒక చిన్నమ్మి ఉంటాదిగదా. నూట ఇరవై ఏడంటే అదే. ఇంట్లో పిలుచుకునేదానికి బాగుంటాది, చీటీ మీద రాసేదానికి పనికిరాదు."

దానికి మందు కూడా ఆయనే కనిపెట్టారు. ల్యాబులో ఆ చివర, అద్దం పగిలిపోయిన కిటికీ పక్కన, కూడేరు మిషన్ ఉండేది. ఎవరు ఏ ప్రోగ్రాము రాసినా, తన మిషన్‌లో ఎంత బాగా నడిచినా, కూడేరు ముందున్న కుర్చీలో కూర్చుని అక్కడి నుంచి పిలిచి చూడాలి. అది పలికితేనే రికార్డు మీద సంతకం. "నీ కుర్చీలో కూర్చోని చూస్తే అన్నీ పలుకుతాయి పాపా, అవతలి కుర్చీలో కూర్చోని చూడు" అనేవారు. అనంతపురం గాలి సంగతి మీకు తెలియంది కాదు. ఆ కిటికీలోంచి వచ్చి పడే ఎర్ర దుమ్ముకు పొద్దున తుడిచిన కుర్చీ మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రబడేది. అందులో కూర్చుని లేచినవాళ్ల వీపు మీద అడ్డపట్టీల అచ్చు పడేది. సారు మమ్మల్ని వెనక్కి తిరగమని వీపు చూసి సంతకం పెట్టేవారు. ఇది చెబితే బయట కాలేజీల పిల్లలు నమ్మేవారు కాదు.

ఆఖరి సంవత్సరం నా ప్రాజెక్టు మా ఊరికే పడింది. బెళుగుప్పలో రైతులకు విత్తనాల వేరుశనగ ఇచ్చే సొసైటీ ఒకటి మూడు కంప్యూటర్లు కొంది. గోదాములో లోపలి గదిలో ఒకటి, ముందు రెండు కౌంటర్ల దగ్గర రెండు. లోపలి మిషన్‌లో రైతుల జాబితా ఉంటుంది. కౌంటరు మిషన్లు పేరు అడిగితే అది వెతికి, ఎన్ని మూటలో చెప్పి, రైతుకు కాగితం చీటీ అచ్చు వేయిస్తుంది. మా దగ్గర ఇది చిన్న విషయం కాదు. తొలకరి పడ్డాక నేలలో పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, నాలుగైదు రోజులకు మించి నిలవదు. అంతకుముందు సంవత్సరం పుస్తకాల్లో పేర్లు వెతుక్కుంటూ ఎనిమిది రోజులు పంచారు. వెనక వరసలో ఉన్నవాళ్లు మూటలు ఎత్తుకుని పొలానికి వెళ్లేసరికి మట్టి గడ్డ కట్టింది. ఆ వెనక వరసలో మా నాయన ఉన్నాడు. అందుకే ఈ ప్రాజెక్టు అడిగి తీసుకున్నాను.

పరీక్షలు అయిపోయి, వానలు మొదలై, రేపు పొద్దున పది గంటలకు విత్తనాలు ఇస్తున్నారని కబురు వచ్చింది. నాలుగున్నర బస్సుకు నేను బయల్దేరాలి. ప్రోగ్రాము నా మిషన్‌లో చక్కగా నడుస్తోంది. లోపలి గది, రెండు కౌంటర్లు, మూడింటినీ ఒకే మిషన్ తెర మీద మూడు కిటికీలుగా తెరిచి చూసుకున్నాను. అవతలి కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆ రోజు నేను కొత్త చుడీదార్ వేసుకున్నాను. లేత పసుపు రంగు. ఊర్లో అందరి ముందూ నిలబడాల్సిన బట్టలు. కుర్చీ వైపు చూశాను, గడియారం చూశాను. సారు ఆ మూల జూనియర్లకు ఏదో చూపిస్తూ, తల ఎత్తకుండానే అడిగారు.

"అవతలి కుర్చీలో కూర్చోని చూసినావా పాపా?"

"చూసినా సార్."

"పలికిందా?"

"పలికింది సార్."

"అయితే పోయిరా. జాగ్రత్త."

అంత సులభంగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు. నడుము వంచి ఫ్లాపీలు బ్యాగులో సర్దుకుని, వీపు ఆయన వైపు తిప్పకుండా బయటికి వచ్చేశాను.

బెళుగుప్ప చేరేసరికి కరెంటు లేదు. పొద్దున ఎనిమిదికి వచ్చింది. లోపలి మిషన్‌లో అన్నీ ఎక్కించి చూశాను, బ్రహ్మాండంగా ఉంది. కౌంటర్ల గది తాళాలు సొసైటీ ఆఫీసరు దగ్గర ఉన్నాయి, ఆయన పదికి వచ్చాడు. అప్పటికే గోదాము నుంచి రోడ్డు దాకా వరస. లోపలి మిషన్ ఇచ్చిన చీటీని ఫ్లాపీలో తెచ్చి రెండు కౌంటర్లకూ ఎక్కించి, మొదటి రైతు పేరు కొట్టాను. దొరకలేదంది. పేరు కాదు, లోపలి మిషనే దొరకలేదంది. రెండో కౌంటరూ అదే మాట. కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాను. మూడు మిషన్లూ ఆపి మళ్లీ వేశాను. చెమటకు కొత్త చుడీదార్ వీపుకు అంటుకుపోయింది.

వరసలో ఎవరో అన్నారు. "ఏమప్పా, మీ చిన్నమ్మి పెట్టిన మిషను మనల్ని ఈడనే నిలబెట్టేటట్లుందే."

మా నాయన నాలుగో మనిషి. నా వైపు చూడకుండానే, "పలుకుతాది ఉండప్పా" అన్నాడు.

ఆఫీసరు మంచివాడే, కాని ఆయన బాధ ఆయనది. "చూడమ్మా, పదకొండున్నర దాకా చూస్తా. కాకపోతే పుస్తకాలు తీస్తా. జనం ఎండలో ఉండారు" అన్నాడు. పుస్తకాలు తీస్తే మళ్లీ ఎనిమిది రోజులు. వాన పడి అప్పటికే రెండు రోజులైంది.

రోడ్డుకు అవతల ఎస్టీడీ బూతు ఉంది. నా దగ్గర సారు ఇంటి నంబరే ఉంది. ఆ వేళకు ఆయన కాలేజీలో ఉంటారు, అమ్మను అడిగితే ల్యాబు నంబరు ఇస్తుందని చేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు రింగులు. ఒక్కో రింగుకు నా ప్రాణం ఒక మెట్టు దిగింది. ఐదో రింగుకు ఎత్తారు.

"ఎవరూ?" సారు గొంతే.

"సార్, నేను సార్, బెళుగుప్ప నుంచి. ఇంట్లోనే ఉండారా సార్?"

"ఒంట్లో బాగలేదు పాపా, సెలవు పెట్టినా. ఏం, వాన బాగా పడిందా మీ ఊర్లో?"

ఆయన వాన సంగతి అడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. కౌంటర్లు పలకడం లేదని చెప్పాను. అవతలి కుర్చీ సంగతి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన దాని గురించి అడగనూ లేదు.

"చీటీ మీద ఏం నంబరు రాసుకునిందో చూసినావా? చూసిరా. నేను ఈడనే ఉంటా."

చీటీ మామూలుగా చదవడానికి రాదు. దాన్ని విప్పి చూపించే చిన్న ప్రోగ్రాము సారే రాసి మాకు ఇచ్చారు. రోడ్డు దాటి పరుగెత్తి చూశాను. నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి. లోపలి మిషన్ చీటీ మీద చిన్నమ్మి అని రాసుకుని కూర్చుంది. కౌంటర్లు ఆ చీటీ పట్టుకుని ఎవరింట్లో వాళ్లు చిన్నమ్మిని వెతుక్కుంటున్నాయి. ల్యాబులో మూడూ ఒకే ఇంట్లో ఉన్నాయి కాబట్టి దొరికింది. అవతలి కుర్చీలో ఒక్క నిమిషం కూర్చుని ఉంటే అక్కడే తెలిసిపోయేది.

మళ్లీ బూతుకు వెళ్లి చెప్పాను. సారు తొందరపడలేదు. "సరే, ఇప్పుడు దానికి అడ్రసు నువ్వే చెప్పల్ల. అది తనంతట తాను కనుక్కుంటే ఇట్లనే కనుక్కుంటాది. మొదలుపెట్టే లైనులో లోపలి మిషన్‌కు ఇచ్చిన అసలు నంబరు రాయి. పేరు రాయొద్దు, ఆ కౌంటర్లకు పేర్లు తెలీవు. నంబరే రాయి. పాత చీటీలు రెండు కౌంటర్లలోనూ తీసేయి. కొత్త చీటీ రాసినాక దాన్ని విప్పి నీ కండ్లతో చూసుకో, ఆ తర్వాతే ఎక్కించు. ఏమి?"

"సరే సార్."

"ఇంకోటి. అంతా అయినాక ఆ నంబరు గోడ మీద రాసిపెట్టు. ఎవరన్నా మారిస్తే మళ్లీ ఇదే పంచాయితీ."

పదకొండు దాటి పది నిమిషాలకు మొదటి కౌంటరు పలికింది. ప్రింటరు కర్రుకర్రుమని మొదటి చీటీ వదిలింది. రెండో కౌంటరూ అందుకుంది. నాలుగో చీటీ మా నాయనది. దాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మూట భుజానికెత్తుకుంటూ, "నువ్వు కాసిని నీళ్లు తాగుమ్మా" అన్నాడు. అంతే. మర్నాడు సాయంత్రానికి చివరి మనిషి దాకా మూటలు వెళ్లిపోయాయి. మా చేలో ఆ ఏడు విత్తనం తడి నేలలోనే పడింది. నంబరు గోడ మీద బొగ్గుతో రాశాను. చాలా ఏళ్లు దానికి సున్నం వెయ్యకుండా, చుట్టూ వేసి వదిలేశారు.

తిరిగి వెళ్లినప్పుడు సారు నా రికార్డు తీసుకుని, ఏమీ అడగకుండా సంతకం పెట్టారు. వీపు కూడా చూడలేదు. "ఒంట్లో ఎట్లుంది సార్?" అంటే, "ఏముందిలే, గాలి మార్పు" అన్నారు.

నేను అనంతపురంలోనే ఉద్యోగంలో చేరాను. ఆయన రిటైరై బుక్కరాయసముద్రంలో ఆ సొంతింట్లోనే ఉండిపోయారు. ప్రతి రంజానుకూ సేమ్యాలు తినడానికి నేను హాజరు. ఈలోగా కాలం మారింది. మిషన్లకు మనం నంబర్లు ఇవ్వక్కర్లేదు, వాటంతట అవే వచ్చేస్తాయని చెబితే ఆయనకు మింగుడుపడలేదు. "ఇంటి నంబరు రోజుకొకటి మారితే చుట్టాలు ఎట్లొస్తారు పాపా?" అన్నారు. రావడానికి వేరే ఏర్పాటు ఉంటుందని అరగంట చెప్పాను. అంతా విని, "అంటే ఇప్పుడు కూడా ఎవడో ఒకడు అడ్రసు సరిగ్గా చెప్పాల్సిందే గదా" అని తేల్చేశారు. ఉద్యోగంలో ఎన్ని కొత్త పద్ధతులు వచ్చినా, పలకని ప్రోగ్రాము ఎదురైనప్పుడల్లా నేను మొదట చేసే పని లేచి అవతలి మిషన్ దగ్గర కూర్చోవడమే. ఆ అలవాటు పెట్టినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ప్రతి రంజానుకూ అనుకునేదాన్ని, ఆ అబద్ధం సంగతి ఈసారి చెప్పేయాలని. ఒకసారి మొదలుపెట్టాను కూడా. "సార్, ఆ రోజు నేను ఊరికి పోయేటప్పుడు..." అన్నాను. ఆయన వెంటనే లోపలికి తిరిగి, "ఏయ్, పాప గిన్నెలో సేమ్యాలు అయిపోయినాయి చూడు" అని కేకేశారు. గిన్నె సగం నిండే ఉంది. నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. చెప్పకుండానే ఆయన పోయారు. ఈ నలభై రోజులూ నన్ను తిన్నది అదొక్కటే.

నలభయ్యో రోజు ఆయన పేరున చదివే ఫాతిహాకు వెళ్లాను. భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. వసారాలో అమ్మ పక్కన చాప మీద కూర్చుని, ఇంకెవరికి చెప్పాలో తెలియక ఆమెకే చెప్పేశాను. ఆయనకు అబద్ధం చెప్పానని, ఆయనకు తెలియకుండానే పోయారని.

అమ్మ నా మొహం చూసి చిన్నగా నవ్వింది.

"తెలీకేమమ్మా. నువ్వు బస్సెక్కినాక కిటికీ మూసేదానికి పోయినాడంట. ఆ కుర్చీ మీద దుమ్ము పొద్దున పడింది పడినట్లే ఉండాదంట. ఇంటికొచ్చి టీ కూడా తాగలేదు. పాప చూడకుండానే పోయినాది, ఆ గోదాములో ఫోను కూడా లేదు, అని ఒకటే తిరిగినాడు. పొద్దున కాలేజీకి సెలవు పెట్టి, తొమ్మిదికి ఇంట్లో, అదో ఆ కుర్చీ ఏసుకోని ఫోను కాడ కూర్చున్నాడు. మా చెల్లెలు చేస్తే, తర్వాత మాట్లాడు అని పెట్టేసినాడు. అది ఇప్పటికీ దెప్పుతాది."

"మరి నేను చేసినప్పుడు నాలుగు రింగుల దాకా ఎత్తలేదే?"

"నేనూ అదే అన్నా. ఎత్తు, ఎత్తు అని. చెయ్యి ఫోను మీదనే పెట్టుకోని, 'వెంటనే ఎత్తితే పాపకు తెలిసిపోతాది, సిగ్గుపడతాది' అని లెక్కపెట్టుకుంటా కూర్చున్నాడు."

నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండిటినీ ఆపుకోలేదు. ఇన్నేళ్లూ మోసిన బరువు అక్కడ చాప మీద దిగిపోయింది. తెలిసీ అడగలేదు, తెలిసీ సంతకం పెట్టారు. నన్ను నా తప్పుతో ఒంటరిగా వదలకుండా, తాను అక్కడ ఉన్నట్లు తెలియనివ్వకుండా, ఫోను మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

ఫోను ఇప్పటికీ అక్కడే ఉంది, కిటికీ పక్కన స్టూలు మీద, లేసు గుడ్డ కప్పుకుని. పక్కన ఆయన కుర్చీ. కిటికీలోంచి చెరువు మీది గాలి వస్తోంది. చెరువులో నీళ్లు తక్కువ, గాలిలో దుమ్మే ఎక్కువ. నేను ఆ కుర్చీ వైపు వెళ్తుంటే అమ్మ కొంగు తీసుకుంది.

"దుమ్ముందమ్మా. పొద్దున్నే తుడిచినా, మళ్లీ పడినాది. ఉండు, తుడుస్తా."

"వద్దమ్మా" అన్నాను.

కూర్చున్నాను. వెనక్కి బాగా ఆనుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ఫోను చేతికి అందేంత దూరంలో ఉంది. దాని పక్కన గోడ మీద, పెన్సిలుతో, బెళుగుప్ప అని రాసి కింద ఒక ఫోన్ నంబరు ఉంది. ఆ రోజు నేను రెండుసార్లు పరుగెత్తిన ఎస్టీడీ బూతు నంబరు అది, హాస్టలు నుంచి ఇంటికి ఎన్నోసార్లు చేసినదే కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. నేను మళ్లీ చేయకపోతే ఆయనే చేద్దామని ఎవరినో అడిగి కనుక్కున్నట్టున్నారు.

చీకటి పడకముందే అనంతపురం బస్సెక్కాను. సీటు లేక నిలబడితే, వెనకున్న ఒక పెద్దామె నా భుజం తట్టింది. "ఏమ్మా, వీపంతా దుమ్ము. దులపనా?"

"వద్దులే అమ్మా, ఉండనీ" అన్నాను.